తలపుతో ఫోను నడిపించే మెదడు చిప్పు మా తమ్ముడి వరకూ వస్తుందా?

ప్రశ్న: కవిటి కొబ్బరితోట

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో కవిటి దగ్గర ఒక పల్లె. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మా తోటలో చెట్లు చాలావరకు కూలిపోయాయి. మిగిలిన కొద్ది చెట్లలో ఒకదానిపై నుండి, మరుసటి ఏడాది కాయలు దించుతూ మా తమ్ముడు పడిపోయాడు. మెడలో నాలుగో వెన్నుపూస దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నదని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పారు. అప్పటికి వాడికి ఇరవై మూడేళ్ళు. ఇప్పుడు తల తిప్పగలడు, భుజాలు కొద్దిగా పైకి ఎత్తగలడు, మాట స్పష్టంగానే ఉంది. చేతులు, కాళ్ళు మాత్రం కదలవు.

నేను ఈ ప్రశ్న రాయడానికి కారణం వాడి ఫోను. దోమతెర కట్టే వెదురు కర్రకు ఫోనును రబ్బరు బ్యాండ్లతో బిగించి పెట్టాము. చివర మెత్తని రబ్బరు మొన ఉన్న పుల్లను పళ్ళ మధ్య పట్టుకుని, వాడు దానితో తెరను తాకుతాడు. అరగంట అయ్యేసరికి దవడలు నొప్పి పుట్టి పుల్ల జారిపోతుంది. దాన్ని తీసి మళ్ళీ నోటికి అందించడానికి మా అమ్మ గానీ నేను గానీ దగ్గర ఉండాలి. మేము తోటలో ఉన్నప్పుడు పుల్ల పడిపోతే, మేము తిరిగి వచ్చేవరకు వాడు వెలుగుతున్న ఆ తెర వంక చూస్తూ ఉండిపోవలసిందే. "అన్నియ్యా, నా ఫోను నానే తియ్యాల, ఎవులూ పక్కన ఉండక్కర్నేదు" అని వాడు అన్న రోజు నుండి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

తమ్ముడి వంటి దెబ్బే తగిలిన ఒక అమెరికా యువకుడు, మెదడులో అమర్చిన చిప్పు సాయంతో, చేయి కదపకుండా కంప్యూటరులో చదరంగం ఆడడం వాడు వీడియోలో చూశాడు. ఆ తరువాత కొద్ది రోజులకే, విశాఖపట్నం నుండి మాట్లాడుతున్నానని చెప్పిన ఒకాయన ఫోను చేసి, ఆ చికిత్స కోసం పేర్లు నమోదు చేస్తున్నామని, ఈ నెలాఖరులోగా నలభై వేల రూపాయలు పంపాలని అన్నారు. మా అమ్మ చెవి దుద్దులు తాకట్టు పెడతానంటోంది. వాడికి ఆశ కలిగిన మాటను నా నోటితో కాదనడానికి నాకు మనసు రావడం లేదు. అలాగని తెలియకుండా డబ్బు కట్టడానికీ ధైర్యం చాలడం లేదు.

ఆ చిప్పు నిజంగా ఎలా పనిచేస్తుంది, అది మన వంటి వారికి ఎప్పటికి అందుతుంది, ఈలోగా మేము చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి. మనసులో అనుకునేవన్నీ బయటపడిపోతాయేమోనని మా అమ్మకు మరో భయం ఉంది. దానికి కూడా జవాబు కావాలి.

జవాబు: మూడు లాంతర్లు, విజయనగరం

కవిటి సోదరా, ముందు ఒక మాట. ఆ నలభై వేలు పంపకండి. మీరు చూసిన చదరంగం వీడియోలోని పరికరం న్యూరాలింక్ సంస్థది. అది గానీ, అదే దారిలో ఉన్న సింక్రాన్ సంస్థ పరికరం గానీ డబ్బు తీసుకుని అమర్చే దశకు రాలేదు. మనుషులపై పరీక్షిస్తున్న దశలోనే ఉన్నాయి. మన దేశంలో ఇటువంటి పరీక్ష ఏది జరిపినా 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు, 2017 నాటి వైద్య పరికరాల నియమాలు వర్తిస్తాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిర్వహించే సీటీఆర్ఐ అనే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ పరీక్ష నమోదై ఉండాలి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో వెదకవచ్చు. పాల్గొనే రోగి నుండి పేరు నమోదుకని డబ్బు అడిగారంటే, అది పరీక్ష కాదని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. ఫోను చేసినవారిని సీటీఆర్ఐ నంబరు అడిగి చూడండి.

ఇక అది పనిచేసే తీరు. నేను ఇంజనీరింగ్ కళాశాలలో వైద్య పరికరాల ఎలక్ట్రానిక్స్ బోధిస్తాను కనుక ఈ భాగం కొంచెం విస్తారంగా రాస్తాను. మీ తమ్ముడి విషయంలో తెగిపోయింది దారి మాత్రమే. చేయి ఎత్తాలని అనుకున్నప్పుడు మెదడులో కదలికలను నడిపే భాగం, అంటే మోటార్ కార్టెక్స్, ఈ రోజుకీ తన ఆజ్ఞను పంపుతూనే ఉంటుంది. ఆ ఆజ్ఞ మెడ దగ్గర ఆగిపోతోంది. అక్కడి నాడీకణాలు ఆజ్ఞ ఇచ్చేటప్పుడు పుట్టే చిన్న విద్యుత్ స్పందనలను పక్కనే ఉన్న ఎలక్ట్రోడు, అంటే విద్యుత్తును పసిగట్టే సన్నని లోహపు మొన, పట్టుకోగలిగితే, వెన్నుపాముతో పని లేకుండా ఆ ఆజ్ఞను కంప్యూటరుకు అందించవచ్చు. ఈ ఆలోచన అంతా ఇంతే.

మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేయడానికి తల పైన టోపీలా పెట్టుకునే ఈఈజీతో ఆ పని ఎందుకు కాదని నా విద్యార్థులు ప్రతి ఏడాదీ అడుగుతారు. హాన్స్ బెర్గర్ 1924లోనే మనిషి తల మీద నుండి ఆ తరంగాలను నమోదు చేశాడు. అయితే సిరిమానోత్సవం రోజున ఊరి బయట నిలబడి వినేవారికి జనం హోరు వినిపిస్తుంది; సిరిమాను కదిలిందో ఆగిందో ఆ హోరును బట్టి చెప్పవచ్చు; కానీ జనంలో ఒకామె పక్కనున్న కూతురితో ఏమన్నదో తెలియాలంటే ఆమె పక్కనే నిలబడాలి. పుర్రె ఎముకా చర్మమూ దాటి వచ్చేసరికి కోట్లాది కణాల స్పందనలు కలిసిపోయి హోరుగానే మిగులుతాయి. అందుకే లోపలికి వెళ్ళవలసి వచ్చింది.

2004లో అమెరికాలో బ్రెయిన్‌గేట్ బృందం మాథ్యూ నాగెల్ అనే యువకుడికి అమర్చిన ఎలక్ట్రోడుల పలక నాలుగు మిల్లీమీటర్ల చదరం. కందిగింజంత ఆ పలకలోని 96 సూదులతో అతడు తెర మీద కర్సరును నడిపాడు. 2012లో అదే బృందంతో పనిచేసిన ఒక మహిళ, పక్షవాతంతో చేతులు పడిపోయిన సుమారు పదిహేనేళ్ళ తరువాత, రోబో చేయిని తన తలపుతో నడిపి సీసాలోని కాఫీని తన నోటికి తానే అందించుకుంది. ఇన్నేళ్ళు గడిచినా మెదడులోని ఆ ఆజ్ఞ చెరిగిపోలేదని దాని వల్ల తేలింది. మీ తమ్ముడికి ఆరేళ్ళు అయిపోయాయని బెంగపడనక్కర లేదు.

న్యూరాలింక్ 2024 జనవరిలో మొదటి మనిషికి, అంటే మీ తమ్ముడు చూసిన చదరంగం వీడియోలోని నోలాండ్ ఆర్బాకు, అమర్చింది. రూపాయి బిళ్ళ మాదిరి పరికరం పుర్రెలో ఇమిడిపోతుంది. దాని నుండి వెంట్రుక కంటే సన్నని 64 పోగులు, వాటిపై 1024 ఎలక్ట్రోడులు మెదడులోకి వెళతాయి. అంత సన్నని పోగులను చేతితో కుట్టలేరు కనుక రోబో కుడుతుంది. సింక్రాన్ వారు పుర్రె తెరవరు; గుండె రక్తనాళంలో స్టెంటు వేసినట్లే, మెడ సిర ద్వారా ఒక జల్లెడ గొట్టాన్ని మోటార్ కార్టెక్స్ పక్కనున్న పెద్ద సిరలోకి పంపుతారు. శస్త్రచికిత్స తేలిక, కానీ ఎలక్ట్రోడులు 16 మాత్రమే. అందువల్ల నోలాండ్ ఆర్బా చదరంగం ఆడినంత సునాయాసంగా కర్సరు కదలదు. అన్నట్టు, ఆర్బా కూడా చిప్పుకు ముందు నోటితో పట్టుకునే పుల్లతోనే పని చేసుకునేవాడు.

అమర్చగానే అంతా నడుస్తుందనుకోవద్దు. తెర మీద ఒక చుక్క కదులుతుంటే, దాన్ని నీ చేతితో వెంబడిస్తున్నట్లు అనుకో అని ముందుగా చెబుతారు. ఏ దిక్కుకు అనుకున్నప్పుడు ఏ కణాలు ఎలా స్పందించాయో కంప్యూటరు నేర్చుకుంటుంది. మెదడు మెత్తగా, ఊపిరితో పాటు అదురుతూ ఉండే అవయవం. ఎలక్ట్రోడు కొద్దిగా జరిగినా నిన్నటి పాఠం నేడు పనికిరాదు, మళ్ళీ నేర్పాలి. ఆర్బా విషయంలో కొన్ని వారాలలోనే దాదాపు 85 శాతం పోగులు తమ చోటు నుండి వెనక్కి వచ్చేశాయి. మిగిలిన వాటితోనే పని జరిగేలా ఆ సంస్థ సాఫ్ట్‌వేరును మార్చుకోవలసి వచ్చింది.

మీ అమ్మగారి భయం గురించి. పైన చెప్పిన పరికరాలు చేతి కదలిక భాగంలో ఉంటాయి కనుక చేతిని కదపాలన్న సంకల్పాన్నే చదువుతాయి. జ్ఞాపకాలు, కోపతాపాలు వాటికి అందవు. అయితే ఆ భయం పూర్తిగా నిరాధారమని నేను అనను. మాట పోయినవారి కోసం చేస్తున్న పరిశోధనలో, పెదవి కదపకుండా మనసులో పలుకుకున్న మాటను కూడా కొంతవరకు పట్టగలమని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో చూపారు. అందుకు విరుగుడుగా, మనిషి ముందుగా మనసులో ఒక సంకేతపదం అనుకుంటేనే యంత్రం వినడం మొదలుపెట్టే పద్ధతిని కూడా వారే పరీక్షించారు. చిలీ దేశం 2021లోనే మెదడు సమాచారానికి రక్షణ కల్పిస్తూ రాజ్యాంగాన్ని సవరించుకుంది. మన చట్టాలలో ఆ మాట ఇంకా స్పష్టంగా రావాలి.

జవాబు: రణస్థలం ఫిజియో

పై జవాబులోని ప్రతి మాటతో ఏకీభవిస్తూ, ఈ రోజు చేయగలిగిన పని గురించి రాస్తున్నాను. వెన్నుపాము దెబ్బతిన్నవారితో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. చెట్టు మీద నుండి పడినవారిని ఈ జిల్లాలో తరచుగా చూస్తాను.

మీ తమ్ముడికి తల, ముఖం, కళ్ళు, గొంతు, కొంత భుజం మిగిలి ఉన్నాయి. అవి చాలా పెద్ద ఆస్తి. ఆండ్రాయిడ్ 12 నుండి ఫోను సెట్టింగులలోని యాక్సెసిబిలిటీ విభాగంలో కెమెరా స్విచ్చులు అనే సదుపాయం ఉంది. కనుబొమలు ఎగరేయడం, నోరు తెరవడం, నవ్వడం, కుడికో ఎడమకో చూడడం వంటి సైగలను ముందు కెమెరా గుర్తిస్తుంది. ఒక సైగకు ముందుకు వెళ్ళడం, మరొక సైగకు ఎంచుకోవడం అని మనమే నిర్ణయించుకోవచ్చు. తెలుగులో చెబితే రాసే వాయిస్ టైపింగ్ కీబోర్డులోనే ఉంది. ఈ రెండింటికీ రూపాయి ఖర్చు లేదు. మొదటి వారం విసుగు పుట్టిస్తుంది, ఎందుకంటే తెర మీద గుర్తులు ఒక్కొక్కటిగా వెలుగుతూ వెళతాయి, మనకు కావలసినది వచ్చేవరకు ఆగాలి. రోజుకు ఇరవై నిమిషాలతో మొదలుపెట్టండి. భుజం ఎత్తగలడు కనుక, దిండు పక్కన పెద్ద బటన్ ఉన్న బ్లూటూత్ స్విచ్చును భుజానికి ఆనేలా బిగిస్తే ముఖం కూడా అలసిపోదు. ఐఫోనులో 2024 నుండి కంటిచూపుతో నడిపే సదుపాయం వచ్చింది; దాని కోసం ఇప్పుడే అప్పు చేసి ఫోను మార్చవద్దు.

రెండో సంగతి నాకు మరింత ముఖ్యం. మెదడులో గానీ మరెక్కడ గానీ ఒక వస్తువును శాశ్వతంగా అమర్చాలంటే ఒంట్లో ఎక్కడా ఇన్ఫెక్షన్ ఉండకూడదు. బెడ్‌సోరు (పడకపుండు) ఉన్నా, మూత్రనాళంలో మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తున్నా, ఏ డాక్టరూ ఆ శస్త్రచికిత్సకు ఒప్పుకోరు. కనుక రేపు ఎప్పుడో చిప్పు వచ్చినా రాకపోయినా, రెండు గంటలకు ఒకసారి పక్క మార్చడం, రోజూ తుంటి వెనుకా మడమల దగ్గరా నడుము కిందా చర్మం ఎర్రబడిందేమో చూడడం, కాథెటర్ (మూత్రం గొట్టం) శుభ్రత, ఇవి తప్పకూడదు. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వచ్చి, ముఖం ఎర్రబడి, చెమటలు పడితే వెంటనే కూర్చోబెట్టి, మూత్రం గొట్టం మెలిపడిందేమో చూసి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆ స్థాయిలో దెబ్బ తగిలినవారికి రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే స్థితి అది. చాలా ఇళ్ళలో దాన్ని మామూలు తలనొప్పి అనుకుని మాత్ర వేసి పడుకోబెడతారు; ఆ పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది.

వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి ప్రత్యేకమైన పునరావాస విభాగం ఉంది. ఒకసారి అక్కడ చూపించుకుని వస్తే, మంచం దగ్గర ఫోను ఏ కోణంలో ఉండాలన్న దాని నుండి తోపుడు కుర్చీ కొలత వరకు నేర్పి పంపుతారు. వికలాంగుల యూడీఐడీ గుర్తింపు కార్డు ఇంకా తీసుకోకపోతే ముందు దానికి దరఖాస్తు చేయండి.

జవాబు: టెక్కలి అమ్మ

నేను శాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. మా బాబుకు పుట్టుచెవుడు. చిన్న వయసులోనే ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, పెట్టించాము. అది శబ్దాన్ని లోపలికి పంపుతుంది, మీరు అడుగుతున్నది లోపలి నుండి బయటికి తెస్తుంది. అయినా తలలో ఒక యంత్రాన్ని పెట్టుకుని బతికే ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక రాస్తున్నాను.

తిత్లీ తరువాత మా వీధికి ఎనిమిది రోజులు కరెంటు లేదు. చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ బ్యాటరీలు రెండో రోజుకే అయిపోయాయి. అప్పటికి నాలుగేళ్ళ వాడు. బాగా మాట్లాడడం నేర్చుకుంటున్న పిల్లవాడు ఒక్కసారిగా మాట ఆపేసి, నా పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. పెట్రోలు బంకులో జనరేటరు నడుస్తుంటే అక్కడికి తీసుకువెళ్ళి చార్జింగు పెట్టాము. ఆ తరువాత మూడేళ్ళకు అయస్కాంతపు బిళ్ళను ప్రాసెసరుకు కలిపే తీగ తెగిపోయింది. బెత్తెడు పొడవు తీగ అది. ఆ మోడలు తయారీ ఆపేశామని కంపెనీ వారు చెప్పారు. తీగ వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ బాబు బడిలో చివరి బెంచీలో కూర్చున్నాడు.

అందువల్ల నా ఒక్క మాట వినండి. ఎప్పుడైనా ఎవరైనా నిజంగా చిప్పు పెడతామని వచ్చినా, పెట్టేటప్పుడు ఎంత అని కాక, పదేళ్ళ తరువాత దీన్ని ఎవరు బాగుచేస్తారు, మీ కంపెనీ లేకపోతే మా వాడి సంగతేమిటి అని ముందు అడగండి. ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.

జవాబు: మూడు లాంతర్లు, విజయనగరం

టెక్కలి అమ్మగారు అడగమన్న ప్రశ్న ఊహించి చెప్పినది కాదు. చూపు లేనివారి కంటిలో ఆర్గస్ అనే కృత్రిమ రెటీనా అమర్చిన సెకండ్ సైట్ అనే సంస్థ, ఆర్థిక ఇబ్బందులలో పడి ఆ పరికరానికి సాయం ఆపేసింది. అప్పటికి 350 మందికి పైగా దాన్ని కంట్లో పెట్టుకుని ఉన్నారు. అలాగే అమెరికాలో 2014లో మెదడు చిప్పు అమర్చుకుని, పడిపోయిన తన చేతిని తానే కదపగలిగిన ఇయాన్ బర్క్‌హార్ట్‌కు 2021లో దాన్ని తీసివేయవలసి వచ్చింది. ప్రయోగశాలలో ఏడేళ్ళు కదిలిన చేయి మళ్ళీ ఆగిపోయింది. ఈ రెండు సంగతులు మీ తమ్ముడికి కూడా చెప్పండి. నిర్ణయం అతడిదే కనుక, మంచితో పాటు ఇదీ అతడికి తెలియాలి.

కవిటి కొబ్బరితోట

మీ అందరికీ నేను ఎంతో రుణపడి ఉన్నాను. డబ్బు అడిగినాయన మళ్ళీ ఫోను చేస్తే సీటీఆర్ఐ నంబరు అడిగాను. తరువాత పంపుతామన్నారు, మళ్ళీ ఫోను చేయలేదు. అమ్మ దుద్దులు ఆమె చెవులకే ఉన్నాయి.

మీ జవాబులన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. తీసివేసిన చిప్పు సంగతి దగ్గర ఒకసారి ఆపి మళ్ళీ చదవమన్నాడు. తరువాత వాడు అడిగిన ప్రశ్న ఇది: మాటలను పట్టే ఆ యంత్రాలకు తెలుగు వస్తుందా, వస్తే మన మాట వస్తుందా?

కనుబొమల స్విచ్చు మొదటి మూడు రోజులు వాడిని ఏడిపించింది. నాలుగో రోజు నేను తోటలో ఉండగా నాకు ఫోను వచ్చింది. ఎత్తితే వాడే. కలిపింది ఎవరని అడిగాను. "ఎవులూ నేరు, నానే" అన్నాడు. రాత్రిపూట మాత్రం అది పనిచేయడం లేదు. అది ఎందువల్లో రణస్థలం వారు చెప్పగలరా?

జవాబు: మూడు లాంతర్లు, విజయనగరం

మీ తమ్ముడి ప్రశ్న చాలా లోతైనది. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం నిమిషానికి 62 మాటలు, మరొక బృందం 78 మాటలు పలికించిన యంత్రాలు ఇంగ్లీషుకు తయారైనవి. అవి మెదడు నుండి ముందు ధ్వనులను పట్టి, తరువాత ఒక పెద్ద పదాల పట్టికతో సరిచూస్తాయి. స్టాన్‌ఫర్డ్ వారి పట్టికలో 1,25,000 పదాలు. తెలుగుకు ఆ దారి చాలదు. "చేయించుకోలేకపోయినవాళ్ళకి" అన్నది మనకు ఒకే మాట, అటువంటివి ఏ పట్టికలోనూ ఇమడవు. పైగా పత్రికల భాషతో నేర్చుకున్న యంత్రం మీ తమ్ముడు "నానే" అంటే "నేనే" అని దిద్దుతుంది, "నేదు" అంటే "లేదు" అని దిద్దుతుంది. కవిటి మాట, బొబ్బిలి మాట రికార్డు చేసి పెట్టే పని ఇక్కడివారమే చేయాలి, దానికి మెదడు చిప్పు అక్కరలేదు, ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. మా విద్యార్థులతో మాట్లాడతాను. మీ తమ్ముడికి ఇష్టమైతే మొదటి గొంతు అతడిదే కావాలని నా కోరిక. కర్సరును నడిపే చిప్పుకు మాత్రం ఏ భాషతోనూ పని లేదు.

జవాబు: రణస్థలం ఫిజియో

రాత్రి కెమెరాకు అతడి ముఖం కనిపించక అలా అవుతోంది. గది మధ్యలో వేలాడే బల్బు తల వెనుక నుండి పడుతుంటే ముఖం నీడలో ఉంటుంది. చార్జింగుతో వెలిగే చిన్న ఎల్ఈడీ దీపాన్ని ఫోను వెనుక, అదే వెదురు కర్రకు కొంచెం పైగా కట్టి, వెలుతురు నుదుటి మీద పడేలా వంచండి. కంట్లోకి సూటిగా పడకూడదు. దోమతెర కెమెరాకు అడ్డం రాకుండా ఫోనును తెర లోపలి వైపు బిగించండి. రేపు రాత్రి చూసి ఎలా ఉన్నదో రాయండి.